‘ఏం లేదు’ అన్న మాట వెనక: పిల్లల మనసు వినడం, చెప్పుకోవడానికి సాయపడడం

మా అబ్బాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు, దాదాపు మూడు వారాలపాటు, ఉదయం ఏడుంపావుకు గేటు దగ్గర స్కూలు ఆటో హారన్ మోగగానే వాడికి కడుపునొప్పి వచ్చేది. ఆదివారం మాత్రం వచ్చేది కాదు. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, ఏ జబ్బూ లేదన్నారు. జబ్బు లేదని తెలిసిన క్షణం నుంచి నేను దాన్ని నాటకమనే అనుకుని, బూట్లు తొడిగి, మెట్లు దింపి, ఆటో ఎక్కించి పంపాను. సాయంత్రం “ఎందుకురా స్కూలంటే అంత బద్ధకం?” అని అడిగితే వాడు “ఏం లేదు” అనేవాడు.

అసలు సంగతి ఒక శనివారం సాయంత్రం బయటపడింది. కూకట్‌పల్లిలో మా ఇంటి బాల్కనీలో పాత పేపరు పరుచుకుని గోంగూర ఆకు తుంచుతున్నాను. వాడు వచ్చి నాకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని, ఒక కట్ట తానూ విప్పి, ఆకులతోపాటు కాడలు కూడా విరిచి గిన్నెలో వేయసాగాడు. కాడలు వేయవద్దనే మాట నా నోటిదాకా వచ్చింది కానీ, ఆ రోజు ఎందుకో ఊరుకున్నాను. నాలుగైదు కొమ్మలు అయ్యాక, తల ఎత్తకుండానే, “అమ్మా, ఆటోలో నాకు సీటుండదు” అన్నాడు. డ్రైవరు సీటు వెనక అడ్డంగా బిగించిన చెక్క మీద, అందరికంటే చిన్నవాడని, రోజూ వాడినే కూర్చోబెడుతున్నారు. ఆటో మలుపు తిరిగినప్పుడల్లా వాడు జారిపోతే ఎదురుగా కూర్చున్న పెద్దపిల్లలు నవ్వుతారు. జారుతాడు కాబట్టి వాడికి ఒక పేరు కూడా పెట్టారు. ఇంత చెప్పడానికి వాడికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ నేను చేసిన మంచి పని ఒక్కటే, మాట్లాడకుండా ఆకు తుంచుతూ ఉండడం.

పిల్లలు చెప్పరని మనం అనుకుంటాము. నిజానికి చాలాసార్లు వాళ్ళు చెప్పడం మొదలుపెడతారు. మన ప్రశ్నో, సలహానో, కోపమో, చివరికి ఓదార్పో, ఏదో ఒకటి ముందుగా వెళ్ళి ఆ మాటకు అడ్డం పడుతుంది. ఆ తొందరను ఎలా ఆపుకోవాలి, ఆపుకున్నాక బిడ్డకు ఎలా సాయపడాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఎప్పుడు, ఎక్కడ

స్కూలు నుంచి వచ్చిన మొదటి అరగంటను పిల్లలకు వదిలేయండి. ఏడెనిమిది గంటలపాటు ఎవరో ఒకరు అడిగినదానికి జవాబులు చెబుతూ వచ్చిన బిడ్డను గుమ్మంలోనే “ఇవాళ స్కూల్లో ఏం జరిగింది?” అని అడిగితే, అది కూడా ఇంకో పరీక్షలాగే తోస్తుంది. కాళ్ళు కడుక్కుని, ఏదైనా తిని, కాసేపు ఊరికే పడుకోనివ్వండి.

మాట వచ్చేది సాధారణంగా చేతులకు పని ఉన్నప్పుడు, కళ్ళలోకి కళ్ళు పెట్టి చూడనవసరం లేనప్పుడు. ఆదివారం తలకు నూనె పెట్టేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు, చిక్కుడుకాయలు వలిచేటప్పుడు, మెట్రోలో పక్కపక్కన కూర్చున్నప్పుడు, అన్నిటికంటే ఎక్కువగా రాత్రి లైటు తీసేశాక పిల్లల గొంతు తేలికపడుతుంది. ద్విచక్ర వాహనం మీద వెళుతూ మాట్లాడించడం మాత్రం మానుకోండి. హెల్మెట్ లోపలికి సగం మాటలు వినబడవు. బిడ్డ ఎంతో కూడదీసుకుని చెప్పిన వాక్యానికి మీరు రెండుసార్లు “ఆఁ? ఏంటి?” అంటే, మూడోసారి వచ్చే జవాబు “ఏం లేదు” అనే. అలాంటప్పుడు “నువ్వేదో చెబుతున్నావు, సరిగా వినాలని ఉంది, ఇంటికి వెళ్ళగానే చెబుదువు” అని, ఇంటికి వెళ్ళాక మీరే గుర్తుపెట్టుకుని అడగండి. మీరు గుర్తుపెట్టుకున్నారన్న సంగతే బిడ్డకు సగం ధైర్యమిస్తుంది.

రాయదుర్గంలో మెట్రో ఎక్కి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే తల్లిదండ్రులు, తమకు సమయమే లేదని బాధపడుతుంటారు. గంటలు అక్కరలేదు. పడుకునే ముందు పది, పదిహేను నిమిషాలు చాలు, కాని అవి రోజూ ఉండాలి, ఆ సమయంలో ఫోను వేరే గదిలో ఉండాలి. ఫోను బోర్లా పెట్టి పక్కనే ఉంచుకుంటే సరిపోదు. అది ఎప్పుడు మోగుతుందోనని బిడ్డ కూడా ఎదురుచూస్తూనే ఉంటుంది.

ఒక విషయంలో మన ఇళ్ళలో పొరపాటు జరుగుతుంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బిడ్డ మీకు మాత్రమే చెప్పిన మాటను, అది ఎంత చిన్నదైనా, ఎంత ముద్దుగా ఉన్నా, బిడ్డ వింటుండగా పిన్నికో, మేనత్తకో ఫోనులో చెప్పకండి. “మావాడు మళ్ళీ పక్క తడుపుతున్నాడు”, “మా పాపకు చీకటంటే భయమట” అని మీరు నవ్వుతూ అన్నది మీకు కబురు మాత్రమే. పక్కగదిలో ఉన్న బిడ్డకు అది నమ్మకద్రోహం. భోజనాల దగ్గర అందరూ ఉండగా “చెప్పరా, నాన్నకు నువ్వే చెప్పు” అని నిలదీయడం కూడా ఇలాంటిదే.

మాట మొదలుపెట్టడం

ప్రశ్నతో కంటే, కనబడినదాన్ని చెప్పడంతో మొదలుపెట్టండి. “బూట్లు విప్పకుండానే కూర్చున్నావు”, “ఇవాళ డబ్బాలో అన్నం అలాగే ఉంది”, “నీ ఫ్రెండు పేరు ఈ మధ్య నీ నోట వినలేదు” అని, అంతటితో ఆగండి. గొంతులో ఆరా ఉండకూడదు. కిటికీ లోంచి చూసి వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అనాలి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని భరించడమే కష్టమైన పని. మనసులో పది దాకా, అవసరమైతే ఇరవై దాకా లెక్కపెట్టండి. పెద్దవాళ్ళం మనకు ఖాళీగా తోచే ఆ కాసేపట్లో బిడ్డ లోపల మాటలు వెతుక్కుంటూ ఉంటుంది.

“ఎందుకు” అనే మాటను వీలైనంతవరకు పక్కన పెట్టండి. “ఎందుకు ఏడుస్తున్నావు?”, “ఎందుకు కొట్టావు?” అన్నప్పుడు బిడ్డకు అందులో తప్పుపట్టడమే వినబడుతుంది. పైగా చాలాసార్లు ఎందుకో తనకూ తెలియదు. “ఏమైంది?”, “అప్పుడు నువ్వెక్కడున్నావు?”, “ఆ తర్వాత?” అనే ప్రశ్నలకు జవాబు చెప్పడం తేలిక, ఎందుకంటే అవి జరిగినదాన్ని అడుగుతాయి, కారణాన్ని కాదు.

బిడ్డ ఒక వాక్యం చెప్పాక, అందులోని మాటనే తిరిగి అనండి. “సీటుండదా?” అంటే చాలు. వింటున్నానని చెప్పడానికి ఇంతకంటే సూటి దారి నాకు తెలియదు. “ఊఁ”, “అయ్యో”, “తర్వాత?” అనేవి మన భాషలో కథ చెప్పేవారికి ఊకొట్టే పద్ధతే కదా. బిడ్డ తన కథ చెబుతున్నప్పుడు కూడా మనం చేయవలసింది ఊకొట్టడమే. కథ మధ్యలో తీర్పు చెప్పకూడదు.

మాటను ఆపేసే వాక్యాలు కొన్ని మనకు తెలియకుండానే నోటి నుంచి వస్తుంటాయి. “ఇంత చిన్నదానికా?”, “ఏం కాదులే”, “మగపిల్లాడివి, ఏడుస్తావా?”, “నువ్వేం చేశావో అది కూడా చెప్పు ముందు”, “మా చిన్నప్పుడు మేము మైళ్ళు నడిచి బడికి వెళ్ళేవాళ్ళం”. వీటిలో “ఏం కాదులే” అన్నది ప్రేమతోనే అంటాము. అయినా దాని అర్థం బిడ్డకు, నీకు అనిపించింది నిజం కాదు అన్నట్టే చేరుతుంది. దాని బదులు “అంత గట్టిగా నవ్వితే నీకు కష్టంగానే ఉంటుంది” అని చూడండి. బిడ్డ భుజాలు కిందికి దిగడం మీకే కనబడుతుంది.

భావానికి పేరు

మా ఇంట్లో క్యారమ్స్ ఆడుతూ మా అబ్బాయి ఒకసారి స్ట్రైకర్ విసిరికొట్టాడు. “అంత కోపమేమిటి?” అన్నాను. అప్పుడు మా అత్తమ్మ, ఆమె కరీంనగర్ నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు, కుర్చీలోంచి కదలకుండా, “కోపం కాదు, వాడిది ఉక్రోషం. ఓడినందుకు కాదు, గెలిచినోడు ఎక్కిరించినందుకు” అన్నారు. వాడు వెంటనే ఆమె వైపు తిరిగి, “ఆఁ, అదే” అన్నాడు. సరైన పేరు దొరికినప్పుడు పిల్లల ముఖంలో వచ్చే ఆ మార్పును నేను అప్పుడే మొదటిసారి గమనించాను.

హైదరాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లల దగ్గర భావాలకు ఉన్న మాటలు చాలా తక్కువ. శాడ్, హ్యాపీ, యాంగ్రీ, బోర్, వీటితోనే అన్నీ సర్దుకుంటారు. మగపిల్లలైతే బాధ, భయం, సిగ్గు అన్నిటినీ కోపం అనే ఒక్క డబ్బాలో వేస్తారు. మన నానమ్మలు, అమ్మమ్మలు రోజూ వాడే మాటల్లో ఎంత తేడా ఉందో చూడండి. దూరమైన మనిషి కోసం తిండి సహించకపోవడం బెంగ. రాబోయేదాని గురించి లోపల బరువుగా ఉండడం దిగులు. ఎందుకో తెలియకుండా గుండెలో కదిలేది గుబులు. అన్యాయం జరిగి, ఏమీ చేయలేక, కళ్ళలో నీళ్ళతో వచ్చే కోపం ఉక్రోషం. ఎవరైనా వచ్చి బుజ్జగించాలని ఎదురుచూసే కోపం అలక. నలుగురిలో తనను లెక్కచేయనప్పుడు ముఖం వాడిపోవడం చిన్నబోవడం. కొత్తవాళ్ళ ముందు వెనక్కి లాగేది బెరుకు. ఈ తేడా తెలిస్తే మనం చేయవలసింది కూడా తెలుస్తుంది. అలిగిన బిడ్డను బుజ్జగిస్తే సరిపోతుంది, కాని ఉక్రోషంతో ఉన్న బిడ్డను బుజ్జగిస్తే ఇంకా మండిపోతుంది, ఎందుకంటే తనకు కావలసింది ముద్దు కాదు, జరిగింది అన్యాయమని ఎవరైనా ఒప్పుకోవడం. నానమ్మ ఊరికి వెళ్ళిపోయిందని బెంగ పెట్టుకున్న పాపకు బొమ్మ కొనిపెడితే బెంగ తీరదు, నానమ్మ గొంతు వినిపించాలి.

పేరు పెట్టడం వల్ల భావం నెమ్మదిస్తుందని పరిశోధన కూడా చెబుతోంది. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, భయం, కోపం కనబడే ముఖాల చిత్రాలను పెద్దవాళ్ళకు చూపించి, ఆ భావానికి తగిన మాటను ఎంచుకోమన్నారు. అలా మాటను ఎంచుకున్నప్పుడు, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగపు చురుకుదనం తగ్గింది.

అయితే పేరును మీరు అంటించకూడదు. ప్రశ్నగా అందించాలి. “నీకు అసూయగా ఉంది” అంటే బిడ్డ ఎదురుతిరుగుతుంది. “అది కోపమా, చిన్నబోయావా?” అంటే లోపల చూసుకుంటుంది. “రెండూ కాదు” అంటే అది మరీ మంచిది, తన భావాన్ని తానే వెతుక్కుంటోందన్నమాట. ఇంట్లో మూడు భాషలు కలిసి నడిచే నగరం మనది కాబట్టి, బిడ్డ గుస్సా అన్నా, పరేషాన్ అన్నా, టెన్షన్ అన్నా అదే మాటను పట్టుకోండి. ఆ సమయంలో తెలుగు నేర్పించడానికి పూనుకోకండి.

మాట దొరకని పిల్లలను శరీరంలో ఎక్కడ అనిపిస్తోందో అడగండి. “గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టుందా? గుండె దడదడలాడుతోందా? పొట్టలో తిప్పుతోందా?” మా అబ్బాయి కడుపునొప్పి అబద్ధం కాదు. దిగులు పిల్లలకు చాలాసార్లు పొట్టలోనే తెలుస్తుంది, నొప్పి నిజంగానే ఉంటుంది. నాలుగైదేళ్ళవాళ్ళయితే తమ గురించి చెప్పలేకపోయినా బొమ్మ గురించి చెబుతారు. “ఈ ఏనుగు బడికి వెళ్ళనంటోంది, ఏమైందో దీనికి?” అని ఒకసారి అడిగి చూడండి.

ఒక్కోసారి పిల్లల భయం మన పండుగల్లోనే కనబడుతుంది. ఆషాఢంలో బోనాల ఊరేగింపు చూడడానికి సికింద్రాబాదులోనో, లాల్ దర్వాజాలోనో పిల్లలను భుజాన ఎక్కించుకుని వెళతాము. ఒళ్ళంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని, కొరడా ఝళిపిస్తూ పోతురాజు డప్పుల మధ్య నుంచి దూసుకువస్తే మూడేళ్ళ బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు, కొందరు బిడ్డను ఇంకా ముందుకు చాపి “దండం పెట్టు” అంటారు. భక్తి నేర్పించాలన్న కోరిక మంచిదే, కాని ఆ క్షణంలో బిడ్డకు కావలసింది కాస్త దూరం. రెండడుగులు వెనక్కి వేసి, చెవి దగ్గర “డప్పుల చప్పుడు పెద్దగా ఉంది కదా, ఆ కొరడా చూస్తే భయమేసింది. నన్ను పట్టుకో, ఇక్కడి నుంచే చూద్దాం” అనండి. అమ్మవారికి కాపలా ఉండే తమ్ముడు ఆయన అన్న కథను ఇంటికి వచ్చాక చెప్పవచ్చు. ఇలా తన భయాన్ని ఒప్పుకున్న బిడ్డే మరుసటి ఏడు తానుగా ముందుకు వెళ్ళి చూస్తుంది.

రెండు భావాలు ఒకేసారి ఉంటాయన్నది కూడా చిన్నపిల్లలకు తట్టదు. చెల్లి పుట్టిన ఇంట్లో పెద్దబిడ్డ చెల్లిని ముద్దుపెట్టుకుంటూనే గిల్లుతుంది. “చెల్లంటే ఇష్టమూ ఉంది, అమ్మ ఒడి పోయిందని ఉక్రోషమూ ఉంది. రెండూ ఉండవచ్చు” అని ఎవరో ఒకరు చెబితే, తాను చెడ్డదాన్ని కానని ఆ బిడ్డ తేలికపడుతుంది.

కోపం ఉప్పొంగినప్పుడు

నేల మీద పడి తన్నుకుంటున్న బిడ్డకు ఏ మాటా ఎక్కదు. అప్పుడు చేయవలసింది పక్కన కూర్చోవడం, ఎవరికీ దెబ్బ తగలకుండా చూడడం, గొంతు తగ్గించడం. “కోపం వచ్చింది, సరే. కొట్టనివ్వను” అన్న రెండు చిన్న వాక్యాలు చాలు. భావానికి హద్దు లేదు, చేతకు ఉంది. ఏడుపు తగ్గి, నీళ్ళు తాగి, ఊపిరి నిదానించాక, కనీసం ఒక పావుగంట గడిచాకే జరిగినదాని గురించి మాట్లాడండి.

విన్న తర్వాత

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మా అబ్బాయి ఆటో సంగతి చెప్పగానే నాకు దుఃఖం, కోపం ఒక్కసారిగా వచ్చాయి. వాడి ముందే ఫోను తీసి డ్రైవరును గట్టిగా నిలదీశాను, ఆ పెద్దపిల్లల తల్లుల్లో ఒకరికి కూడా ఫోను చేశాను. సోమవారం నుంచి వాడికి సీటు దొరికింది. దానితోపాటు అమ్మకు చాడీలు చెప్పేవాడన్న పేరు కూడా దొరికింది. ఆ తర్వాత సుమారు రెండు నెలలు వాడు నాకు ఏమీ చెప్పలేదు. మాట విన్నాను కాని, ఆ మాట మీద హక్కు వాడిదని మరిచిపోయాను.

చివరికి ఒక రాత్రి నేనే వాడితో అన్నాను. “ఆ రోజు నిన్ను అడగకుండా ఫోను చేశాను. నీకు ఇబ్బందయింది. తప్పు నాది.” వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నేనైతే వారానికొకరు చెక్క మీద కూర్చోవాలని చెప్పేవాణ్ణి” అన్నాడు. ఏడేళ్ళవాడికి నాకంటే మంచి ఉపాయం తోచింది, నేను అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాడు. వాడు ఒప్పుకున్నాక డ్రైవరుతో మళ్ళీ, ఈసారి నెమ్మదిగా మాట్లాడాను. వంతులు మొదలయ్యాయి.

అప్పటి నుంచి ఏది విన్నా చివర్లో “ఇది నేను విని ఊరుకోనా, ఏమైనా చేయనా?” అని అడగడం అలవాటు చేసుకున్నాను. పదిసార్లలో ఏడెనిమిది సార్లు “ఊరికే విను” అంటాడు. చేయమంటే, ఏం చేయాలో ముందు వాడినే అడుగుతాను. ఇది పిల్లల మీద దయతో చేసేది కాదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, 1992లో భారతదేశం కూడా చేరిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తనకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకు ఉందని, వయసును, పరిణతిని బట్టి దానికి విలువ ఇవ్వాలని చెబుతుంది.

“ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి” అని బిడ్డ అడిగితే మాత్రం ఒట్టు వేయకండి. “నీకు ప్రమాదం లేని సంగతైతే ఎవరికీ చెప్పను. ప్రమాదమున్న సంగతైతే సాయం చేసేవాళ్ళకు చెప్పాలి, కాని చెప్పేముందు నీకు చెబుతాను” అనండి. నిలబెట్టుకోగలిగిన మాట ఇదొక్కటే.

పదిహేనేళ్ళు దాటిన పిల్లలు

ఇంటర్ పిల్లల విషయం వేరు. ముఖ్యంగా రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నవారితో మనకు దొరికేది వారానికొక చిన్న ఫోను, ఎప్పుడో ఒక ఔటింగు. క్యారేజీ పట్టుకుని, గంటల తరబడి ప్రయాణం చేసి వెళ్ళి, చెట్టు కింద కూర్చోగానే మనం అడిగే మొదటి ప్రశ్న “వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది?”. ఆ ప్రశ్న తర్వాత ఇంకేదీ మిగలదు. ఆ రోజుకు మార్కుల మాట ఎత్తనని ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వెళ్ళండి. నిద్ర ఎలా పడుతోంది, గదిలో ఎవరితో మాట్లాడుతున్నావు, ఇక్కడ నీకు బాగా కష్టమనిపించే సమయమేది అని అడగండి. ఎప్‌సెట్‌లో ర్యాంకు రాకపోతే ఏమవుతుందో ఆ పిల్లలు మనకంటే ఎక్కువసార్లు ఆలోచించి ఉంటారు. “రాకపోతే ఏం చేద్దామో కలిసి చూద్దాం” అన్న వాక్యాన్ని ఫలితాల తర్వాత కాదు, ముందే చెప్పాలి.

“నేను లేకపోతే మీకే మంచిది”, “ఇక నావల్ల కాదు” లాంటి మాటలు విన్నప్పుడు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నప్పుడు, ఒంటి మీద తానే చేసుకున్న గాయాలు కనబడినప్పుడు సూటిగా అడగండి: “చచ్చిపోవాలనిపిస్తోందా?” అలా అడిగితే లేని ఆలోచనను పుట్టించినట్టవుతుందన్న భయం సరైనది కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల ఒంటరిగా మోస్తున్నదాన్ని దింపుకునే చోటు దొరుకుతుంది. అవునంటే బిడ్డను ఒంటరిగా వదలకండి, మందులు, పురుగుల మందు లాంటివి అందకుండా తీసేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీమానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే ఆలస్యం చేయకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ పేరు చెప్పగానే మన ఊళ్ళో ముఖం చిట్లించడం ఒక అలవాటుగా మారింది. విరిగిన చేతికి కట్టు వేయించడానికి సిగ్గుపడనివాళ్ళం దీనికీ సిగ్గుపడనక్కరలేదు.

అంత తీవ్రత లేకపోయినా, రెండు వారాలకు పైగా బిడ్డ నిద్రపోకపోవడం, ఆటలకు దూరం కావడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుకావడం, బడికి పోనని మొండికేయడం చూస్తుంటే పిల్లల డాక్టరునో, మానసిక వైద్యులనో కలవండి.

బిడ్డ తనను ఎవరో తాకకూడని చోట తాకారని చెబితే

మొదటి నిమిషంలో మీ ముఖం ఎలా ఉందన్నదాన్ని బట్టి బిడ్డ రెండో వాక్యం చెబుతుందో లేదో తేలుతుంది. “నిజమేనా?”, “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అనకండి. “చెప్పి మంచి పని చేశావు. నేను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పేమీ లేదు” అనండి. వివరాల కోసం తవ్వకండి, పదిమంది చేత పదిసార్లు చెప్పించకండి. బిడ్డ అన్న మాటలను అన్నవి అన్నట్టే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ మనిషి చుట్టమైనా, ఇంటికి వచ్చిపోయేవాడైనా, పరువు పేరు చెప్పి లోపలే సర్దుకోమనే పెద్దలకు తల ఒగ్గకండి.

పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లలందరినీ కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని 19వ సెక్షను ప్రకారం ఇలాంటి నేరం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలని, ఆ పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదని చట్టమే చెబుతుంది. పిల్లల సహాయ నంబరు 1098. హైదరాబాదు హాకా భవన్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం పోలీసు, వైద్య, న్యాయ సహాయాన్ని, కౌన్సెలింగును ఒకే చోట అందిస్తుంది కాబట్టి, బిడ్డను పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ కొంత తప్పుతుంది.

ఉదయం కసిరి, సాయంత్రం తిరిగి వెళ్ళడం

ఇదంతా తెలిసి కూడా మనం అరుస్తాము. నీళ్ళ ట్యాంకరు రాలేదు, డబ్బా కట్టలేదు, ఆటో వచ్చేసింది, బిడ్డ సాక్సు ఒకటి కనబడలేదు, ఇంకేముంది. అలాంటి ఉదయం తర్వాత సాయంత్రం ఏమీ జరగనట్టు చాక్లెట్ తెచ్చి ఇవ్వకండి. చాక్లెట్ తీసుకున్న బిడ్డ ఆ ఉదయాన్ని మరిచిపోదు, దాని గురించి మాట్లాడకూడదని మాత్రం నేర్చుకుంటుంది.

పక్క మీద కూర్చుని మీ భావానికి మీరే పేరు పెట్టి చెప్పండి. “పొద్దున నాకు చాలా కంగారుగా ఉండింది. ఆ కంగారంతా నీ మీద చూపించాను. సాక్సు పోవడం అంత పెద్ద తప్పు కాదు.” అక్కడ ఆగిపోవాలి. “అయినా నువ్వు కూడా రాత్రే వెతికి పెట్టుకుంటే” అన్న వాక్యం నాలుక చివర ఉంటుంది, దాన్ని రేపటికి వాయిదా వేయండి. బిడ్డ ఏడవవచ్చు, దుప్పటి ముఖం మీదికి లాక్కోవచ్చు, “సరే” అని మాత్రమే అనవచ్చు. ఇంకా చెప్పమని అడగకుండా, కాసేపు వీపు మీద చెయ్యి వేసి ఉంచి, లైటు తీసేయండి. చెప్పాలనిపిస్తే ఆ చీకట్లో చెబుతుంది, లేదా శనివారం ఆకు తుంచేటప్పుడు చెబుతుంది.